మాటలో దాగిన దయ్యం

(మిట్టేమరిలో తెలుగు చదువరుల కూడికలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



నుడిహక్కుల గురించి మాట్లాడవలసినవాడు అపరాధ పరిశోధన నవలల గురించి, అందులోనూ దయ్యాలూ చేతబడులూ కలిసిన వాటి గురించి మాట్లాడడమేమిటని మీకు అనిపించవచ్చు. ఈ రెంటికీ దగ్గరి చుట్టరికమే ఉంది. కొంచెం ఓపిక పట్టి వినండి.

పరిశోధన కథకు ఒక కట్టుబాటు ఉంది. నేరం జరుగుతుంది, ఆనవాళ్లు దొరుకుతాయి, వాటిని పట్టుకొని బుద్ధిబలంతో దోషిని చేరుకోవాలి. 1929లో ఇంగ్లండు రచయిత రోనాల్డ్ నాక్స్ ఈ కథలకు పది నియమాలు రాస్తూ, మానవాతీత శక్తులకు ఇందులో చోటు లేదన్నాడు. దయ్యమే హంతకుడైతే పాఠకుడు ఏ ఆనవాలును బట్టి కనిపెట్టగలడు?

అయినా రచయితలు ఆ గీత దగ్గర ఆడుతూనే వచ్చారు. అందులో మూడు తోవలు కనిపిస్తాయి.

మొదటిది, దయ్యమని భయపెట్టి చివరకు మనిషిని చూపడం. 1901-02లో కానన్ డాయిల్ రాసిన బాస్కర్‌విల్ నవలలో వంశశాపమనుకున్న వేటకుక్క, చివరకు భాస్వరం పూసిన మామూలు కుక్కగా తేలుతుంది. 1985లో వచ్చిన వంశీ చిత్రం ‘అన్వేషణ’లో అడవి చావులన్నిటినీ పులి మీద వేస్తారు. వెతికితే మనిషి బయటపడతాడు. 2014 నాటి ‘కార్తికేయ’ కూడా గుడి శాపం వెనుక మనుషులనే చూపింది. రెండవది, వెతికి వెతికి చివరకు క్షుద్రశక్తి నిజమేనని ఒప్పుకోవడం. 2023లో వచ్చిన ‘విరూపాక్ష’ ఈ తోవది.

మూడవది తేల్చకుండా నడవడం. దీనికి మన తెలుగులో పేరుపడిన నవల యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’. తులసి అనే పసిబిడ్డకు వచ్చిన ఆపద కాష్మోరా ప్రయోగమా, జబ్బా? ఒక వైపు మంత్రగాళ్లు, మరో వైపు వైద్యమూ హిప్నాటిజమూ. రెండు అన్వేషణలూ పక్కపక్కన పరుగెత్తుతాయి. శాస్త్రాన్నీ మూఢనమ్మకాన్నీ ఒకే త్రాసులో తూచడం తగునా అన్న విమర్శ ఆనాడే గట్టిగా వచ్చింది. రంగనాయకమ్మ గారు ఏకంగా పుస్తకమే రాశారు. ఆ విమర్శలో బలముంది. కాని ఆ నవల వేలమందిని తెలుగు చదివించిందన్నదీ నిజమే.

ఇక్కడే మన కథ మొదలవుతుంది. ‘తులసిదళం’ 1985లో కన్నడంలో సినిమాగా వచ్చింది. యండమూరి నవలలు కన్నడంలోకి వెళ్లి అక్కడా పేరు తెచ్చుకున్నాయి. మన బాగేపల్లి, చింతామణి సీమల్లో ఇంట తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడం నేర్చినవారు ఎందరో ఆ తెలుగు కథను కన్నడంలోనే చదువుకున్నారు. కైవారం తాతయ్య తెలుగు తత్వాలను కూడా కన్నడ లిపిలోనే చదువుకుంటున్నాం. కన్నడం మన పొరుగునుడి, మనకు అన్నం పెట్టే నుడి. దాని మీద నాకు కోపం లేదు. ఉన్న బాధల్లా తల్లినుడి చెవికే మిగిలి కంటికి దూరమైందనే.

ఆ దూరం ఎంత ప్రమాదమో నా వృత్తిలో ఒకసారి చూశాను. ఒక తల్లి తన పొరుగున ఉన్న ముసలామె మీద ఫిర్యాదు పట్టుకొని నా దగ్గరకు వచ్చింది. ఎవరో కన్నడంలో రాసిపెట్టిన కాగితం అది. చదివితే, ఆ ముసలామె బిడ్డకు చేతబడి చేసిందని ఉంది. నేను తెలుగులో చదివి వినిపించగానే ఆ తల్లి ఉలిక్కిపడింది.

“అయ్యో, నేను అట్ల చెప్పలేదు సార్! ఆయమ్మ మా వాని మీద మాట ఇసిరింది అన్నాను. తిట్టింది, వాడు బెదిరి జ్వరం తెచ్చుకున్నాడు. అంతే సార్.”

చూశారా? మనకు మాట అంటే పలుకు. కన్నడంలో పలుకు ‘మాతు’. ‘మాట’ అంటే చేతబడి. అక్షరం మారలేదు, పలుకు మారలేదు, అర్థం మాత్రం తలకిందులైంది. ఆ కాగితం అలాగే వెళ్లి ఉంటే, ఊరిలో ఆ ముసలామె బతుకు ఏమయ్యేది? చేతబడి చేసిందన్న అనుమానమే మనిషిని చంపించగల దేశం మనది. అందుకే కర్ణాటకలో దురాచారాల, చేతబడి నిరోధానికి 2017లో చట్టం చేశారు. అది 2020 నుంచి అమలులో ఉంది. కాని ఇక్కడ చేతబడి చేసినవారు ఎవరూ లేరు. రెండు నుడుల సందున ఒక దయ్యం పుట్టింది, అంతే. దాన్ని పట్టుకున్నది డిటెక్టివ్ యుగంధర్ కాదు, తెలుగులో చదివి వినిపించడమనే చిన్న పని.

ఆ చిన్న పని మనకెవరో పెట్టే భిక్ష కాదు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం, నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకొని, చెప్పినవారికి చదివి వినిపించాలి. న్యాయస్థానంలో సాక్షి వేరే నుడిలో చెబితే, వీలైతే ఆ నుడిలోనే రాయవచ్చునని 312వ సెక్షను అంటుంది. వీలుకాకపోతే సరైన అనువాదం సిద్ధం చేయాలి. పాత చట్టంలోనూ ఈ ఏర్పాట్లు ఉండేవి. అడిగేవారే కరువు.

ఇక బడి సంగతి. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో తల్లినుడిలో చదువు చెప్పే ఏర్పాట్లకు ప్రతి రాష్ట్రమూ పూనుకోవాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం చెబుతోంది. 1956లో చేర్చిన మాట అది.

పిల్లలారా, మీకు పెద్ద కావ్యాలు ఇవ్వడం లేదు. దయ్యాల కథో, డిటెక్టివ్ కథో ఒకటి తెలుగులో చేతపట్టండి. భయం వేస్తే వేయనీయండి. చివరి పుట దాకా చదివితే భయం పోతుంది, అక్షరం మిగులుతుంది. పెద్దలారా, మీరు ఏ కాగితం మీద వేలిముద్ర వేసినా, ముందు “తెలుగులో చదివి వినిపించండి” అని అడగండి. ఆ ఒక్క మాట మీ హక్కు.

సెలవు.