పాత కారుకు నిదానము



కారు నిలిచియున్నది, ఇంజను తిరుగుచున్నది. స్టీరింగు చక్రము అరచేతిలో వణకుచుండును. తలుపుల అద్దములు గలగలలాడును. గేరు కడ్డీ తనంత తానే తల యూపుచుండును. ఇంట పాత కారున్నవారికి ఈ బాధ క్రొత్త కాదు. మోటారు పనివారు దీని నంతను కలిపి “మిస్సు కొట్టుచున్నది” అని ఒక్క మాటలో తేల్చివేయుదురు. చిక్కంతయు ఆ మాటతోనే మొదలగుచున్నది. ఇంజను మిస్సు కొట్టుట వేరు, సరిగా తిరుగుచున్న ఇంజను బండిని వణకించుట వేరు. ఈ రెంటికిని భేద మెరుగక చికిత్సకు దిగినచో డబ్బు పోవును, వణకు మిగులును. వైద్యులు రోగమును గుర్తించుటను నిదానమందురు. తెలుగున నిదానమనగా తొందరపడకుండుట. పాత కారు దగ్గర ఈ రెండర్థములును కావలెను.

పిల్లలకు ఛందస్సు చెప్పుకొని బ్రతికినవాడవు, ఇంజనుల గొడవ నీకేల యని మీరడుగవచ్చును. ఇంజనుకును నడక కలదు గనుకనే చెప్పుచున్నాను. మన రోడ్ల మీద బహుకాలము తిరిగిన అంబాసిడరునే తీసికొందము. అది ఇంగ్లాండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు కారునకు ఇక్కడి రూపము. ఉత్తరపారా కర్మాగారమున 2014వ సంవత్సరము వరకు తయారయినది. దాని పాత పెట్రోలు బండ్లలో పెక్కింటికి 1489 ఘన సెంటీమీటర్ల ఇంజను, నాలుగు సిలిండర్లు. అందు నిప్పంటుకొను వరుస ఒకటి, మూడు, నాలుగు, రెండు. ఇంజను రెండు చుట్లు తిరుగునప్పటికి ఒక్కొక్క సిలిండరు ఒక్కసారి పేలును. నిమిషమునకు 600 చుట్ల చొప్పున మెల్లగా తిరుగుచున్నప్పుడు సెకనుకు 20 దెబ్బలు సమానమైన ఎడముతో పడును. ఒక సిలిండరు పని మానినదనుకొనుడు. ప్రతి నాలుగవ దెబ్బయు లోపించి, సెకనుకు 5 కుదుపులు పుట్టును. ఇంజను క్రింది రబ్బరు దిమ్మెలు వడివడిగా వచ్చు సన్నని వణకును మ్రింగగలవు గాని, మెల్లగా వచ్చు ఈ పెద్ద కుదుపును మ్రింగలేవు. అందుచేతనే ఒక్క ప్లగ్గు చెడినను కారంతయు ఊగును.

కావున మొదటి పరీక్షకు పనిముట్టు అక్కరలేదు. బండి వెనుకకు పోయి సైలెన్సరు గొట్టము చెంత నిలువుడు. పొగను పీల్చకుండ ప్రక్కగా నిలిచి, ఒక కాగితపు ముక్కను గొట్టమునకు ఎడముగా పట్టుడు. కాగితము ఒకే తీరున అల్లాడుచు, చెవికి దెబ్బలు సమముగా వినబడినచో ఇంజనులో యతిభంగము లేదు. అప్పుడు చూడవలసినవి రబ్బరు దిమ్మెలు. నూనె కారి కారి అవి మెత్తబడును, లేదా ఎండి పగిలి ఇనుప రేకునుండి విడివడును. ఇంజను ఆపి, ఒక కర్రతో దానిని కొంచెము ఎత్తి చూచినచో ఆ విడివడిన చోటు నోరు తెరచుకొనును. సైలెన్సరు గొట్టము ఎక్కడనైన బండి అడుగున తగులుచున్నదేమో అదియు చూడవలెను. ఇంత చిన్న తాకిడి చాలును, బండి నంతను తంబురా చేయుటకు. ఒక్క మాట. నాలుగు సిలిండర్లు వరుసగా నున్న ఇంజనునకు, ఎంత ఆరోగ్యమున్నను, ముషలములు పైకి క్రిందికి పోవుటవలన పుట్టు సహజమైన వణకు కొంత యుండును. దానిని మాన్పవలెనని పనివానిని వేధింపరాదు.

దెబ్బలు సమముగా లేనిచో, లోపము ఒకే తావున మరల మరల వచ్చుచున్నదా, క్రమము లేక వచ్చుచున్నదా అని వినవలెను. క్రమముగా వచ్చినచో ఒక సిలిండరు దోషి. ఇంజను ఆపి, ఒక ప్లగ్గు తీగె ఊడదీసి, దాని కొన ఇంజను ఇనుమునకు తగులునట్లు కట్టి, మరల నడుపుడు. వేగము తగ్గి కుదుపు హెచ్చినచో ఆ సిలిండరు మంచిది. ఏ తీగె తీసినను మార్పు రాదో అదియే పని మానినది. కంప్యూటరుతో నడచు నేటి కార్లలో ఈ పరీక్ష తగదు. దోషి దొరికిన పిమ్మట దాని ప్లగ్గును పొరుగు సిలిండరు ప్లగ్గుతో మార్చుడు. లోపము ప్లగ్గుతో కూడ పోయినచో పని ముగిసినది. పోనిచో తీగె, డిస్ట్రిబ్యూటరు మూత. అవియు మంచివైనచో టాపెట్ల సందు చూడవలెను. నేను చెప్పిన ఇంజనులో అది అంగుళములో వేయింట 15 వంతులు. సందు బొత్తిగా లేనిచో వాల్వు పూర్తిగా మూసికొనక కాలిపోవును. అంతటను తేలనిచో కంప్రెషను గేజి పెట్టి, ఒత్తిడి తక్కువగా నున్న సిలిండరులో చెంచాడు ఇంజను నూనె పోసి మరల చూడవలెను. ఒత్తిడి పెరిగినచో రింగులు, పెరుగనిచో వాల్వులు. ప్రక్కప్రక్క సిలిండర్లు రెండును తక్కువైనచో హెడ్డు గాస్కెట్టు నడుమ తెగినదని అనుమానింపవలెను. హెడ్డు దింపుట ఇంతవరకు వచ్చిన తరువాతి మాట, ముందటిది కాదు.

ఇక క్రమము లేని కుదుపు. ఇచ్చటనే మనవారు స్క్రూ డ్రైవరు పట్టుకొని కార్బరేటరు మీదికి పోవుదురు. అది నాకు సమ్మతము కాదు. ముందు పాయింట్లు చూడవలెను. వాని ఎడము కూడ అంగుళములో వేయింట 15 వంతులే. డిస్ట్రిబ్యూటరు ఇరుసు అరిగి ప్రక్కకు ఊగుచున్నచో ఆ ఎడము చుట్టు చుట్టుకును మారుచుండును. ఎంత సరిచేసినను నిలువదు. నిప్పు సరియైన పిమ్మటనే గాలి, పెట్రోలు.

నా పూర్వ శిష్యుడొకడు రాజమహేంద్రవరమున పాత అంబాసిడరును పెండ్లిండ్లకు బాడుగకు తిప్పుచు కుటుంబమును పోషించుకొనుచున్నాడు. ఒక షెడ్డులో అతనికి ఇంజను బోరు చేయింపవలెనని చెప్పినారట. ముహూర్తములు ముంచుకొని వచ్చుచున్నవి. నెల దినములు బండి నిలిచినచో ఆ యేటి రాబడి పోవును. ఇల్లాలి గొలుసు తాకట్టు పెట్టుటకు పోవుచు దారిలో నాకు కనబడినాడు. “కొవ్వూరు వంతెన మీద బాణంలా పోతుందండి మాస్టారూ, ఆపితేనే ఒళ్ళంతా ఊపేస్తోంది” అన్నాడు. రోగము పేరు ఆ మాటలోనే యున్నది. రింగులు అరిగినచో వేగమున బలము తగ్గి, నీలిపొగ రావలెను. ఆపినప్పుడు మాత్రమే వచ్చు బాధ, ఎచ్చటనో దొంగగాలి లోనికి పోవుచున్నదనుటకు గురుతు. మెల్లగా తిరుగునప్పుడు ఇంజను పీల్చు గాలి స్వల్పము. అందులో ఈ దొంగగాలి పెద్ద పాలు. వేగమున పోవునప్పుడు అది లెక్కకు రాదు.

ఇంజను నడుచుచుండగా కార్బరేటరు కూర్చున్న అతుకు చుట్టును నూనె డబ్బాతో చుక్క చుక్కగా నూనె వేయించితిని. ఒక మూలకు రాగానే నడక కుదుటపడినది; నూనె లోనికి పీల్చుకొనిపోగానే మరల చెడినది. విప్పి చూడగా గాస్కెట్టు చీలియున్నది. ఎవరో బోల్టులను అతిగా బిగించుటచే కార్బరేటరు అంచు వంగినది. గాజుపలక మీద ఎమరీ కాగితము పరచి ఆ అంచును సమముగా రుద్ది, క్రొత్త గాస్కెట్టు వేసినారు. గొలుసు తాకట్టు పోలేదు.

ఈ దినములలో ఇంకొక సంగతి గమనింపవలెను. మన పెట్రోలులో నూటికి 20 పాళ్ళ వరకు ఇథనాలు కలియుచున్నది. అందు ప్రాణవాయువు కూడ ఇమిడియున్నది గనుక వెనుకటి పెట్రోలుకు అమర్చిన కార్బరేటరులో మిశ్రమము పలుచనగును. పాతకాలపు రబ్బరు గొట్టములు ఉబ్బి పగులును. వానిని నేటి పెట్రోలుకు తగిన గొట్టములతో మార్చుట మేలు. పగిలిన గొట్టము వణకుతో ఆగదు, నిప్పు తెచ్చును. మిశ్రమము తెలిసికొనుటకు ఎస్.యూ. తరగతి కార్బరేటరులో సులువైన ఉపాయము కలదు. ఇంజను వేడెక్కిన పిమ్మట దాని లోపలి ముషలమును గోరంత ఎత్తుడు. వేగము పెరిగి అట్లే నిలిచినచో పెట్రోలు ఎక్కువ. ఇంజను ఆగబోయినచో తక్కువ. క్షణము పెరిగి మరల కుదిరినచో సరి.

ఈ పరీక్షలన్నియు బయలున చేయవలెను. మూసిన షెడ్డులో నడచు ఇంజను పొగకు వాసన తెలియని విషము కలదు. అది మనిషిని నిద్రలోనికి దింపి చంపును. పంచె కొంగు, ఉత్తరీయము, గొలుసు ఫ్యానుకు దూరముగా నుంచవలెను. గాలి పోవు చోటు కనుగొనుటకు నూనెకు బదులు పెట్రోలు చల్లువారిని చూచినాను. అట్టివారిని బండి దగ్గరకు రానీయకుడు.