సేకరణమును జీవనోపాధియు



కొలువు పోయిన యువకుఁడు నాణెములనో తపాలా బిళ్లలనో కూర్చుచున్నచో, ఇది కూడు పెట్టునా యని పెద్దలు గద్దింతురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము ఆంగ్లేయుఁడగు ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెసు చరిత్రమునఁ గలదు.

అతఁడు అన్నగారి యొద్ద భూములు కొలుచుచు, తీఱిక వేళల మొక్కలు కూర్చెడివాఁడు. 1843 తుదకుఁ బనులు సన్నగిల్లి యా కొలువు పోయెను. పిమ్మట లెస్టరు పట్టణమున నుపాధ్యాయుఁడై, హెన్రీ బేట్సు స్నేహమునఁ బెంకుపురుగులపై మక్కువ గొనెను. 1848లో నిరువురును అమెజాను ప్రాంతమునకుఁ బోయి, పురుగులను, పక్షులను సేకరించుటయే వృత్తిగాఁ జేసికొనిరి. స్టీవెన్సను లండను వర్తకుఁడు వానిని విక్రయించి సొమ్ము పంపుచుండెను. 1852లో మఱలి వచ్చుచుండఁగా నోడ కాలి, వాలెసు వెంటనున్న సేకరణ మంతయు బుగ్గియయ్యెను. స్టీవెన్సు ముందుగనే భీమా చేయించి యుండుటచేఁ గొంత ధనము దక్కెను. 1854 మొదలు 1862 వఱకు మలయ ద్వీపములఁ దిరిగి, పరిచారకుల తోడ్పాటుతో నతఁడు 1,25,660 నమూనాలను గూర్చెను.

వస్తువు ఎక్కడ, ఎన్నఁడు దొరకెనో వ్రాసి యుంచుట, లెక్క తప్పకుండుట, నమ్మకమైన విక్రేత గలుగుట, ఈ మూఁడును లేనిది వేడుక వృత్తి కానేరదు. మొదటి రెండును యువకుల చేతిలోనివి. మూఁడవది మీ చేతిలోనిది. పోషకులారా! దానమిచ్చుట కంటెఁ గొనువారిని జూపుట మేలు. నష్టము వచ్చిననాఁడు మఱల నిలుచుటకుఁ జేయూత యిండు. స్టీవెన్సు లేనిచో వాలెసు రెండవమాఱు ఓడ యెక్కుట దుర్లభమై యుండెడిదని మా నమ్మకము. మన బిడ్డలకు మీరే స్టీవెన్సులు కావలయునని ప్రార్థించుచున్నాము.