పసిబుర్రకు పెద్ద ఆకలి



"ఒక్కచోట కుదురుగా కూర్చోదు, కోతిపిల్ల!" అని బిడ్డల్ని విసుక్కుంటూ వుంటాం కదా! మా హొళగుందలో నేనూ అలా అన్నదాన్నే. పాఠం అప్పగించలేదని అయిదేళ్ల కూతుర్ని ఒక్కటి వేశాను కూడాను. ఆ పొద్దు అది పరగడుపున బడికి పోయిందని తర్వాత తెలిసింది.

కోతికీ బిడ్డకీ పెద్ద తేడా తల లోపలి ఆకలిలోనే వుందట. మనకు దగ్గర బంధువైన చింపాంజీ మెదడు సుమారు 400 గ్రాములు. మనది 1,300 గ్రాముల పైమాటే. ఒంటి బరువులో నూటికి రెండు వంతులే అయినా, ఊరికే కూర్చున్నప్పుడు కూడా మన శక్తిలో అయిదోవంతు అదే తినేస్తుంది.

ఆదోని మార్కెట్టులో బస్తాలు మోసే హమాలీల్లాగా, రక్తంలోని గ్లూకోజును మోసే ప్రోటీనులు వున్నాయి. వాటిని తయారుచేయించేవి జన్యువులు. మెదడుకు గ్లూకోజు చేరవేయించే జన్యువు మనిషి మెదడులోనూ, కండకు చేరవేయించేది చింపాంజీ కండలోనూ ఎక్కువగా పనిచేస్తున్నాయని 2011లో ఒక పరిశోధన తేల్చింది. జన్యువులు ఇద్దరికీ వున్నవే. వాటి పనిలోనే హెచ్చుతగ్గులు!

ఈ కథలో మన తెలుగువారూ వున్నారండీ. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో ఫిస్కేగారితో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్ సంగతి వెల్లడించారు. అది కణానికి కొంగున ముడేసుకున్న చేతిఖర్చు వంటిది. క్రియాటిన్‌ను లోపలికి తెచ్చే జన్యువూ, ఆ ముడి వేసి విప్పే జన్యువూ చింపాంజీలో, కోతిలో కన్నా మనిషి మెదడులోనే చురుకని 2011లోనే మరో పరిశోధన చెప్పింది.

ఇక అసలు మాట. అయిదేళ్ల ప్రాయంలో బిడ్డ ఖర్చుచేసే మొత్తం శక్తిలో 40 శాతానికి మించి మెదడుకే పోతుందని 2014లో లెక్కగట్టారు. అందుకే ఆ వయసులో ఒళ్లు నెమ్మదిగా ఎదుగుతుంది. "చిన్నపిల్ల, దానికెంత కావాలి?" అనే మన కొలత తప్పన్నమాట.

వానలు మొహం చాటేసిన ఏడు మనవైపు వాళ్లు గుంటూరు దిక్కుకు సుగ్గికి పోతారు. తల్లి చీకటితోనే మిరపచేనుకు పోతే బిడ్డ ఏమి తిన్నదో ఎవరు చూస్తారు? ఖరీదైన డబ్బాపొడులు అక్కరలేదు. జొన్నరొట్టె, పప్పు, గిన్నెడు ఉగ్గాని, గుప్పెడు శనక్కాయలు, ఏది వుంటే అది వేళకు పెట్టండి. మగబిడ్డకు ముందు, ఆడబిడ్డకు మిగిలింది అనే వరస ఆ మెదడుకు తెలియదు.

రేపు బిడ్డ పాఠం మరిచిపోతే, కోప్పడేముందు "ఏమి తిన్నావమ్మా?" అని అడగండి.