వేలి కణుపుకు యంత్రం పెట్టే పరీక్ష
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మోకాలి కీలు మార్చారంటే ఇప్పుడెవరూ ఆశ్చర్యపోరు. వేలి కణుపు మారుస్తారంటే మాత్రం "అంత చిన్నదానికా?" అంటారు. రుమటాయిడ్ ఆర్థరైటిస్, అదే మనవాళ్లనే కీళ్లవాతం, పిడికిలి కణుపుల్ని తినేస్తుంది. వేళ్లు చిటికెనవేలి వైపు ఒరిగిపోతాయి. మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఈ జబ్బు రెండు మూడు రెట్లు ఎక్కువ. అన్నం కలుపుకోవడానికి, జాకెట్టు హుక్కు పెట్టుకోవడానికి ఇంకొకరి చెయ్యి కావాల్సి వస్తుంది.

అమెరికా వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ స్వాన్సన్ 1960లలో సిలికోన్ రబ్బరుతో కణుపు తయారుచేశారు. అంతా ఒకే ముక్క. మధ్యలో వంగే భాగం, అటూ ఇటూ ఎముక బోలులోకి దూరే రెండు కాడలు. సిమెంటు అక్కర్లేదు. వేలు వంగినప్పుడు కాడలు లోపల కాస్త జారతాయి. ఇప్పటికీ వాడుతున్నారు.

ఊరికే వంచి చాపితే ఆ రబ్బరు లక్షల సార్లు ఆడినా చెక్కుచెదరదు. అదే చేతిలో పెట్టాక, కొన్నేళ్లకు చాలా వాటిలో విరుగుతుంది. విరిగేది కూడా ఎక్కువగా ఒకేచోట, వేలి వైపు కాడ వంగే భాగంతో కలిసే దగ్గర.

ఎందుకంటే, మన సైన్సు మాస్టారు బోర్డు మీద వేసిన తులాదండమే. చిటికెడు పట్టులో భారం వేలికొన మీద పడుతుంది, కణుపుకు సుమారు 7 సెంటీమీటర్ల దూరాన. వేలిని లాగే టెండన్లు కణుపుకు 1 సెంటీమీటరు దూరంలోనే ఉంటాయి. కాబట్టి కిలో బరువుతో నొక్కాలంటే అవి సుమారు 7 కిలోలతో లాగాలి. జబ్బు చేసిన చేతిలో ఆ లాగుడే వేలి ఎముకను అరచేతి వైపు జార్చబోతుంది. కోసిన ఎముక అంచు రబ్బరును గీరుతుంది. సిలికోన్‌కు చిన్న గాటు పడితే చాలు, పాకిపోతుంది.

ఇంగ్లండులోని డరమ్ విశ్వవిద్యాలయంలో తయారైన యంత్రం వేలిని తేలికపాటి భారంతో ఎన్నో సార్లు ఆడించి, మధ్యమధ్య ఆపి, గట్టి చిటికెడు పట్టంత భారం వేస్తుంది. మనం చేతితో చేసేదీ అదే కదా! ఆ పరీక్షలో సిలికోన్ కణుపులు చేతిలో విరిగే చోటే విరిగాయి. "విరగలేదు" అని చెప్పే పరీక్షకంటే, ఇలా సరైన చోట విరగ్గొట్టే పరీక్షనే నేను నమ్ముతాను. ఓపిక కావాలి మరి. సెకనుకొకసారి వంచితే కోటి సార్లకు 116 రోజులు, రేయింబవళ్లు!

పైరోకార్బన్ కణుపులూ వచ్చాయి. గట్టివే, కానీ రెండు ముక్కలు. వాటిని పట్టి ఉంచడానికి చుట్టూ లిగమెంట్లు బాగుండాలి. కీళ్లవాతం ముందుగా పాడుచేసేవాటిలో అవీ ఉన్నాయి. అందుకే ఆ రోగులకు ఎక్కువగా సిలికోనే.

మీ ఇళ్లలో ఎవరికైనా ఈ ఆపరేషన్ చెబితే ఒకటి గుర్తుంచుకోండి. నొప్పి తగ్గుతుంది, వేళ్లు తిన్నగా వస్తాయి, పట్టు బలం మాత్రం పెద్దగా పెరగదు. రబ్బరు చుట్టూ శరీరమే ఒక గట్టి పొర అల్లుకుంటుంది. కనుక ఎక్స్‌రేలో విరిగినట్టు కనబడినా, నొప్పి లేకుండా చెయ్యి పనిచేస్తుంటే డాక్టర్లు చాలాసార్లు దాన్ని అలాగే వదిలేస్తారు.