మూసిన వాల్వును ఎంతవరకు నమ్మవచ్చును?

(కోస్తా గ్రామముల నుండి కర్మాగారములకు పనికి పోవు యువకుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



చెరువు తూము నెరుగనివారు ఈ సభలో ఉండరు. నీరు చాలుననుకొన్నపుడు తూము దించుదుము. దించిన పిమ్మటగూడ సన్నని ధార యొకటి జారుచునే యుండును. అంచున చిన్న రాయి చిక్కినదనియో, పలక అరిగినదనియో పెద్దలు చెప్పుదురు. ఆ ధారవలన ఎవరికిని కీడు లేదు. కాలువలోని కప్పలకు మేలే. కాని ఆ తూమునకు ఎగువ నున్నది నీరు గాక అమ్మోనియా యైనచో, దిగువ పనిముట్లు పట్టి నిలచినవాడు మీ తమ్ముడైనచో, ఆ సన్నని ధారయే ప్రాణాంతకమగును. నేడు మేము ముచ్చటింపదలచినది ఆ ధారను గురించియే.

ఇది మనకు దూరపు విషయము కాదు. మన తీరమునందలి ఐసు ఫ్యాక్టరీలలోను, రొయ్యల కర్మాగారములలోను చలిని పుట్టించునది సాధారణముగా అమ్మోనియాయే. కోనసీమలో కొబ్బరితోటల క్రిందుగా గ్యాసు గొట్టములు పోవుచున్నవి. 2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున నగరము గ్రామమున అట్టి గొట్టమొకటి పగిలి, ఇరువదిమందికి పైగా అగ్నికి ఆహుతియైరి. అచ్చట చెడినది తుప్పు పట్టిన గొట్టము, వాల్వు కాదు. అయినను ఇట్టి గొట్టములు మన గడపకు ఎంత చేరువలో నున్నవో ఆ ఉదయము అందరికిని తెలియవచ్చినది.

గొట్టమును విప్పి మరమ్మతు చేయుటకు ముందు, అందు పారు వస్తువును అవతలనే నిలిపివేయు వాల్వును ఐసొలేషన్ వాల్వు అందురు. దానిని ఎన్నుకొనునపుడు ధరకంటె ముందు అడుగవలసిన ప్రశ్న: లోపల పారునదేమి? మేము చూచిన ఒక ఐసు ఫ్యాక్టరీలో ప్రెషరు గేజి క్రింద నీటి కుళాయికి వాడు ఇత్తడి కాకు బిగించిరి. బజారులో అదే దొరికినదట! కొలది నెలలకే దానిపై నీలిపచ్చని చిలుము పట్టినది. రాగిని, ఇత్తడిని అమ్మోనియా తినివేయును. అచ్చట ఉక్కు వాల్వే ఉండవలెను. క్లోరిను సంగతి వేరు. తడి లేని క్లోరినునకు ఉక్కు ఓర్చుకొనును. తడి సోకినచో అదే ఉక్కును అది కొరికివేయును. కావున ఒకచోట మంచిదైన వాల్వు మరియొకచోట మృత్యువు కావచ్చును.

తరువాత చూడవలసినది దాని నిర్మాణము. గేటు వాల్వు మన తూమువంటిదే. పలక దిగి దారిని మూయును. అడుగున మడ్డి చేరినచో పూర్తిగా దిగదు. చక్రము తిరుగుట ఆగినంతనే మూతపడినదని మనము భ్రమపడుదుము. దానిని సగము తెరచి ప్రవాహమును తగ్గించు అలవాటు బోరుబావుల వద్ద కలదు. అట్లు చేసినచో అంచులు కోసుకొనిపోయి, అవసరమైననాడు అది మూతపడదు. బాల్ వాల్వునకు పావు తిప్పు చాలును. దాని పిడి సాధారణముగా గొట్టము వెంబడి ఉన్నచో తెరచియున్నట్లు, అడ్డముగా ఉన్నచో మూసియున్నట్లు, దూరమునుండియే కనుగొనవచ్చును. ఇది గొప్ప సదుపాయము. అయితే దాని లోపలి మెత్తని వలయములు తరచుగా టెఫ్లానుతో చేయబడును. టెఫ్లాను సుమారు 327 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరగును. మంటలు రేగినవేళ వలయము కరగిపోయినచో వాల్వు ఉండియు లేనట్లే. అందుచేత మండు పదార్థముల గొట్టములకు అగ్నిపరీక్షకు నిలచిన వాల్వులనే కోరవలెను.

వాల్వును తిప్పు విధానముకూడ ఎన్నికలో భాగమే. 2009 అక్టోబరు 29వ తేదీ సాయంకాలము జైపూరు సమీపమున సీతాపురలోని ఇండియన్ ఆయిల్ డిపోలో పెట్రోలు పంపుటకు ఏర్పాట్లు జరుగుచుండెను. అచ్చటి గొట్టమునకు హ్యామర్ బ్లైండు అను సాధనము కలదు. దానిని మార్చునంతసేపు గొట్టము బయటి గాలికి తెరచుకొనియుండును. ఆ సమయమున టాంకు వద్దనున్న మోటారు వాల్వు మూసియుండవలెను, అది తెరచుకొనెను. పెట్రోలు ఫౌంటెనువలె ఎగజిమ్మెను. దగ్గరనున్నవారు ఆవిరికి తాళలేక వాల్వును చేరలేకపోయిరి. దూరమునుండి దానిని మూయు ఏర్పాటు పనిచేయు స్థితిలో లేదు. గంటకు పైగా ఆవిరి వ్యాపించి పిమ్మట ప్రేలినది. పదిమందికి పైగా మరణించిరి. మంటలు వారము దినములు దాటి మండెను. అట్టి బ్లైండులను తొలగించవలెననియు, టాంకు మొదటి వాల్వు కంట్రోలు గదినుండియే మూతపడునదై ఉండవలెననియు విచారణ సంఘము సిఫారసు చేసినది.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన మాట. ఎంత మేలైనదైనను ఒక్క వాల్వును నమ్మి అపాయకరమైన గొట్టమును విప్పరాదు. రెండు వాల్వులు వరుసగా ఉండవలెను. రెండింటిని మూసి, వాని నడుమనున్న చిన్న కాకును తెరువవలెను. మొదటి వాల్వు కారినను ఆ కారినది మనిషివైపు రాక, సురక్షిత స్థలమునకు అమర్చిన గొట్టము ద్వారా పోవును. వాల్వు కారుచున్నదన్న సంగతియు ముందే తెలియును. కాకు తెరువక రెండింటి నడుమ ద్రవ అమ్మోనియాను బంధించినచో మరియొక ప్రమాదము కలదు: ఎండకు అది వ్యాకోచించి గొట్టమునే పగులగొట్టగలదు.

ఏది ముందు తెరువవలెనన్నదియు ప్రధానమే. 1966 జనవరి 4వ తేదీన ఫ్రాన్సు దేశమున ఫేజెన్ రిఫైనరీలో ప్రొపేను టాంకు అడుగు నీటిని వదలుటకు రెండు వాల్వులుండెను. వానిని తెరచిన క్రమము తప్పినది. గడ్డకట్టిన అడ్డు ఒక్కసారిగా తొలగి ప్రొపేను దూకెను. వాల్వులను మరల మూయలేకపోయిరి. 18 మంది మృతిచెందిరి. మన ఐసు ఫ్యాక్టరీలలో పాత్రల అడుగున చేరు నూనెను వదలు పని సరిగా ఇట్టిదే. అందుకై చేయి వదలినంతనే స్ప్రింగు బలముతో తనంతట మూసికొను వాల్వు దొరకును. నూనె వదలు చోట అది లేకున్న యజమానిని అడిగి పెట్టించుకొనుడు.

మనిషి టాంకు లోపలికే దిగవలసివచ్చినపుడు రెండు వాల్వులును చాలవు. గొట్టములో ఒక ముక్కను తీసివేయవలెను. లేదా నడుమ ఇనుప పలక బిగించవలెను. కళ్లజోడు ఆకారముగల పలకలు కలవు: ఒక కన్ను రంధ్రము, మరొకటి గుడ్డిది. ఏది బయటికి కనబడుచున్నదో చూచినచో లోపల ఏది యున్నదో తెలియును. ఆపైన వాల్వు చక్రమునకు గొలుసు చుట్టి తాళము వేయవలెను. ఆ తాళపుచెవి మేస్త్రీ వద్దను గాదు, ఆఫీసు మేజాలోను గాదు; లోపలికి దిగువాని జేబులోనే ఉండవలెను.