మంద్రధ్వని పెట్టెకు తీగె నమర్చుట
(తల్లిదండ్రుల సభయందు ప్రధానోపాధ్యాయుల ప్రసంగము)



గడచిన వార్షికోత్సవమున మన పిల్లలు నాటకమాడినపుడు మొదటి రంగమంతయు ఒక రొదలో మునిగిపోయిన సంగతి మీరెరుగుదురు. ఒక విద్యార్థి తండ్రిగారు దయతో తమ యింటి హోం థియేటరును సభకు తెచ్చి యిచ్చిరి. ఆ పరికరములయందు దోషమేమియు లేదు. దోషము మాది. సబ్‌వూఫరునకు పోవు కేబులును, వేదికపై దీపములకు పోవు కరెంటు తీగెను, చూచుటకు ముచ్చటగా నుండునని ఒకే కట్టగా కట్టించితిమి. ఏడవ తరగతి బాలిక రెండు నెలలు వల్లించిన తెలుగు మాటలు మూడవ వరుసలో గూర్చున్న ఆమె నాయనమ్మకు వినబడలేదు. నాటి నుండి మీలో పలువురు, "మాస్టారూ, మా యింటిలో గూడ ఇదే రొద, మంచి తీగె యేది?" అని యడుగుచున్నారు. తెలిసినవారి నడిగియు, పాఠశాలలో కట్టి విప్పియు మేము తెలిసికొన్నంత వఱకు నేడు మనవి చేసెదము.

సబ్‌వూఫరనగా మంద్రధ్వనికై వేరుగా నున్న పెట్టె. మానవుని చెవి సెకండునకు సుమారు 20 మొదలు 20,000 కంపనముల వఱకు వినగలదు. ఇందులో అట్టడుగు భాగము, అనగా 20 నుండి ఇంచుమించు 80 లేక 120 వఱకు, ఈ పెట్టె పాలిది. ఉరుమును, డప్పును గంభీరముగా పలికించునది యిదియే. మాటలోని స్పష్టత మాత్రము హల్లులలో నున్నది. అది అంతకు చాల పైన, వేలకొలది కంపనములలో జరుగు వ్యవహారము. అయినను క్రింద మంద్రము మితిమీరినచో, లేక రొద చేరినచో, అది పైకి ప్రాకి ఆ హల్లులను గూడ కప్పివేయును. వీథిలో ఒడియాయు, తక్కిన చోట్ల హిందీయు నింగ్లీషును వినుచున్న మన పిల్లలకు తెలుగు చెవిని బడు ఘడియలు కొలదివి. వానిలో పెక్కు, ఒప్పుకొనుటకు మాకు కష్టముగానే యున్నది, ఇంటిలో చిత్రములు చూచు ఘడియలే. ఆ సంభాషణలైనను వారికి చక్కగా వినబడవలదా?

దుకాణమునకు పోకముందు మీ పెట్టె వెనుక భాగము చూడుడు. దానికి వేరుగా కరెంటు ప్లగ్గున్నచో దాని ఆంప్లిఫయరు దానిలోనే యున్నదన్నమాట. రిసీవరు నుండి దానికి రావలసినది బలహీనమైన సంకేతము మాత్రమే. అట్టిదానికి, నడుమ ఒక తీగెయు దాని చుట్టు లోహపు కవచమును గల కోయాక్సియల్ కేబులు కావలెను. రెండు కొసలందు ఆర్.సి.ఏ. ప్లగ్గులుండవలెను. రిసీవరుపై "సబ్ అవుట్" అను చోటి నుండి పెట్టెపై "ఎల్.ఎఫ్.ఇ." అనియో "లైన్ ఇన్" అనియో వ్రాసియున్న చోటికి ఒక్క కేబులు చాలును. ఎడమ కుడి రంధ్రములు రెండున్నంత మాత్రమున రెండు కేబుళ్ళు కొననక్కరలేదు.

ప్లగ్గు లేని పెట్టెల సంగతి వేరు. వానికి రెండు పోగుల స్పీకరు తీగె కావలెను. అందు పారునది సంకేతము గాదు, బలమైన విద్యుత్తు; గనుక కవచముతో పనిలేదు, లావుతో పనియున్నది. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగె ఇంటికి సరిపోవును. ఎఱుపు నలుపులు తారుమారు కారాదు.

ఇక ధర. 5 లేక 10 మీటర్ల దూరమునకు, ఇంత మంద్రమైన సంకేతమునకు, మిక్కిలి ఖరీదైన కేబులు చేయగల అద్భుతమేదియు లేదు. కవచము పలుచని రేకు మాత్రమే గాక దట్టమైన రాగి అల్లిక గలదై, ప్లగ్గులు బిగువుగా పట్టునదైన చాలును. బంగారు పూత వలన ధ్వని మారదు. కాని బంగారమునకు చిలుము పట్టదు. గోపాలపురము వైపు నుండి ఉప్పుగాలి వీచు మన బరంపురములో ఆ ఒక్క గుణమునకై కొంత యెక్కువ యిచ్చినను తప్పులేదని మా అభిప్రాయము.

కేబులు ఎంత పొడవు కొనవలెనో తెలియుటకు ముందు పెట్టె యెక్కడ నుండవలెనో తెలియవలెను. చాలమంది దీనిని తలక్రిందులుగా చేయుదురు: కేబులు అందినంత దూరమున పెట్టెను నిలుపుదురు. సెకండునకు 40 కంపనముల ధ్వనితరంగము పొడవు ఎనిమిదిన్నర మీటర్లకు పైచిలుకు. ఒకదాని వెనుక నొకటిగా గదులు గల మన బారు ఇండ్లలో ముందుగది అంత పొడవు కూడ నుండదు. అందుచే ధ్వని గోడలకు తగిలి మఱలి, ఒకచోట కుప్పపడును, మఱియొకచోట మాయమగును. దీనికొక సులువైన పరీక్ష కలదు. మీరు కూర్చుండు కుర్చీ చోట పెట్టెనుంచి, మంద్రము గల పాట నొకదానిని పెట్టి, మీరు గోడ వెంబడి వంగి తిరుగుచు వినుడు. ఎక్కడ గుబగుబలాడక సమముగా వినబడునో అక్కడ పెట్టెను పెట్టుడు. ఇంటివారు నవ్వుదురు, మా యింటిలోను నవ్విరి. మూల పెట్టినచో ధ్వని హెచ్చును గాని తఱచు మోతగా మారును. స్థలము కుదిరిన పిమ్మట త్రాడుతో గోడ వెంబడి కొలిచి, ఒక మీటరు కలిపి కొనుడు.

తీగె నడపుటలో మేము చేసిన తప్పు మీరు చేయకుడు. కరెంటు తీగెకును దీనికిని ఒక అడుగైనను ఎడముండవలెను. దాటక తప్పనిచోట అడ్డముగా, నిలువు గీతపై అడ్డగీత వలె దాటింపవలెను. ప్రక్క ప్రక్కన పరుగెత్తనీయరాదు. క్రొత్తగా ఇల్లు కట్టుకొనువారు దీనికై వేరే పి.వి.సి. గొట్టమును గోడలో నుంచి, అందొక త్రాడును విడిచిపెట్టవలెను. కరెంటు తీగెలున్న గొట్టములోనే దీనిని దూర్చుట రొదకు మాత్రమే గాక ప్రాణమునకు గూడ ప్రమాదము. మిగిలిన తీగెను రిసీవరు వెనుక చుట్టచుట్టి దాచకుడు. చాప క్రింద పరచినచో ఎలుకలు కనిపెట్టును.

ఇంత చేసినను రొద పోనిచో, అది ఎర్తు చుట్టుమార్గము వలన కావచ్చును. మన కరెంటు సెకండునకు 50 మార్లు ఊగునది. పరికరములు రెండు వేర్వేరు చోట్ల భూమిని తాకినపుడు ఆ ఊగులాటయే కేబులు కవచము గుండ పారి మంద్రమైన హోరుగా వినబడును. మొదట రిసీవరును పెట్టెను ఒకే సాకెట్టు బోర్డునకు తగిలించుడు. ఇంకను రొద యున్నచో కేబుల్ టీవీ తీగెను ఊడదీసి చూడుడు. పలుమార్లు దొంగ అక్కడనే దొరకును. దానికి ఐసోలేటరను చిన్న ఉపకరణము కలదు. కొందఱు మిస్త్రీలు ప్లగ్గులోని ఎర్తు పిన్నును విఱిచివేసి, "రొద పోయినది చూడుడు" అందురు. రొద పోవుట నిజమే. కాని నాడు ఆ పరికరములో కరెంటు బయటి లోహమునకు తగిలినచో, దానిని ముట్టుకొను పిల్లవానిని కాపాడునది మఱి యేదియు నుండదు. మీ యింటిలో ఎవరైన అట్లు చేసియున్న యెడల ఈ రాత్రియే ఆ ప్లగ్గును తీసివేయుడు.

మన వేదికపై కేబులును ఈ మాఱు ఎడమ గోడ వెంబడి, దీపముల తీగె కుడి గోడ వెంబడి నడిపించితిమి. నిన్న పిల్లలచే మాటలు చెప్పించి చూచితిమి; చివరి వరుసలో నిలిచిన మా చెవికి ప్రతి అక్షరమును అందినది. తీగెను దగ్గఱగా చూడగోరువారు సభానంతరమున వేదిక ఎడమ ప్రక్కకు రావలెనని ప్రార్థన. నాటకము ఆరు గంటలకు. నాయనమ్మగారికి ఈ మాఱును మూడవ వరుసలోనే స్థలముంచితిమి.