చీమల బారు – లేటరల్ లైను

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి, "సార్, రిటైరయ్యాక మీరు కాలేజీలో నెట్‌వర్కుల మీద ఏదో చెప్తున్నారట కదా, అదేదో మా అందరికీ అర్థమయ్యేట్టు చెప్పండి" అన్నారు. "భోజనాలకి ముందా, తరువాతా?" అని అడిగాను. "ముందే సార్" అన్నారు. అంచేత క్లుప్తంగానే ముగిస్తాను. ఆకలి మీదున్న జవానుకి ఉపన్యాసమివ్వడం ఎంత ప్రమాదమో నాకు తెలియనిది కాదు.

శాస్త్రం సంగతికి వచ్చే ముందు నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. 1980లలో మాట. ఎడారిలో ఎక్సర్‌సైజ్ జరుగుతోంది. నేను సిగ్నల్స్‌లో కొత్తగా చేరిన సెకండ్ లెఫ్టినెంట్‌ని. బ్రిగేడ్ ఎక్స్‌ఛేంజ్ నుంచి మూడు బెటాలియన్లకూ టెలిఫోన్ లైన్లు వేశాం. ఇక మిగిలింది, ఒక బెటాలియన్ నుంచి పక్క బెటాలియన్‌కి నేరుగా వేసే లైను. దాన్నే మనవాళ్లు లేటరల్ అంటారు. కుర్రాళ్లు రెండు రాత్రులుగా నిద్రపోలేదు. కేబుల్ కూడా అంతంతమాత్రంగానే మిగిలింది. లైన్ పార్టీ హవల్దార్ మాత్రం, "సాబ్, లేటరల్ కూడా వేసేద్దాం" అన్నాడు. "రేపు చూద్దాం ఉస్తాద్. ఎక్స్‌ఛేంజ్ మీదుగా అందరూ బాగానే మాట్లాడుకుంటున్నారుగా" అన్నాను.

తెల్లవారకముందే, ఎక్స్‌ఛేంజ్ నుంచి లైన్లన్నీ కలిసి బయటికొచ్చే చోట ఒక ట్రాక్ బండి తొక్కేసింది. మూడు బెటాలియన్లూ ఒక్కసారిగా మూగబోయాయి. సరిగ్గా ఆ సమయానికే ఒక కంపెనీలో లారీ తిరగబడి ఒక జవాను కాలు దాని కింద ఇరుక్కుపోయింది. డాక్టరూ అంబులెన్సూ పక్క బెటాలియన్‌లోనే ఉన్నాయి, మూడు కిలోమీటర్ల దూరంలో. ఆ సంగతి ఈ కంపెనీవాళ్లకి తెలియదు. రేడియో సైలెన్స్ అమల్లో ఉంది. చివరికి జీపులో మనిషిని బ్రిగేడ్‌కి పంపించారు. చీకట్లో అతను దారి తప్పాడు. గంటన్నర పోయింది. జవాను ప్రాణం దక్కింది, కాలు దక్కలేదు. తరువాత జరిగిన విచారణలో బండి నడిపినవాడిది తప్పని తేల్చారు. లేటరల్ ఎందుకు లేదని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఇన్నాళ్లకి మీ ముందు చెప్తున్నాను.

"ఒక్క చోట దెబ్బ తగిలితే అన్నీ ఎందుకు పోయాయి?" అన్న ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ ప్రశ్నే రిటైరయ్యాక నన్ను పుస్తకాల దగ్గరికి పంపింది.

నెట్‌వర్కు అంటే కొన్ని చుక్కలు, వాటిని కలిపే గీతలు. అంతే. చుక్కలు ఊళ్లయితే గీతలు రైలు పట్టాలు. చుక్కలు మనుషులైతే గీతలు పరిచయాలు. 1959లో హంగరీ గణితవేత్తలు ఎర్డోష్, రేన్యీలు ఈ గీతలు యాదృచ్ఛికంగా పడితే ఏమవుతుందో లెక్క కట్టారు. అలా పడితే చుక్కలన్నీ ఇంచుమించు సమానంగా ఉంటాయి. ఒకరికి నాలుగు గీతలుంటే ఇంకొకరికి ఐదో ఆరో ఉంటాయి. కానీ లోకంలో అలా లేదు. 1999లో అమెరికాలోని నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో బరబాషి, రేకా ఆల్బర్ట్ ఒక మాటన్నారు: నెట్‌వర్కు ఒక్కరోజున తయారుకాదు, అది పెరుగుతుంది. కొత్తగా వచ్చే ప్రతి చుక్కా, ఇప్పటికే ఎక్కువ గీతలున్న చుక్కతో కలవడానికే మొగ్గు చూపుతుంది. మన బెజవాడ జంక్షన్‌నే చూడండి. హౌరా వైపు, మద్రాసు వైపు, ఢిల్లీ వైపు లైన్లు అక్కడ కలుస్తాయి కాబట్టే కొత్త బండి వేసినా అదే దారి పట్టిస్తారు. కొత్త బండ్లు వచ్చేకొద్దీ జంక్షన్ ఇంకా పెద్దదవుతుంది. ఇలా కొన్ని చుక్కలు మహా కూడళ్లయి కూర్చుంటాయి.

మరుసటి ఏడాది, 2000లో, వాళ్లిద్దరూ జియాంగ్ అనే సహచరుడితో కలిసి ఇంకో పరీక్ష చేశారు. అలాంటి నెట్‌వర్కులోంచి చుక్కల్ని గుడ్డిగా తీసేస్తూ పోతే పెద్దగా నష్టం కలగలేదు. ఎందుకంటే గుడ్డిగా తీస్తే పోయేవి ఎక్కువగా చిన్న చుక్కలే. అదే ఏరి ఏరి పెద్ద కూడళ్లనే తీస్తే, నూటికి ఐదు తీసేసరికే మిగిలినవాళ్లకి ఒకరి నుంచి ఒకరికి దూరం సగటున రెట్టింపయింది. అంటే ప్రమాదానికి తట్టుకునే నెట్‌వర్కే, గురి చూసి కొట్టే శత్రువు ముందు బలహీనం. మనలాంటివాళ్లకి ఇది వేరే విడమర్చి చెప్పక్కర్లేదు.

అయితే శాస్త్రంలో ఏ మాటా పరీక్ష లేకుండా నిలవదు. అన్ని నెట్‌వర్కులూ ఇంతేనని కొందరు ఉత్సాహపడ్డారు. 2019లో బ్రోయిడో, క్లాసెట్ అనే పరిశోధకులు దాదాపు వెయ్యి నెట్‌వర్కుల్ని తరచి చూసి, కచ్చితంగా ఆ నమూనాలో ఇమిడేవి చాలా తక్కువని తేల్చారు. కాబట్టి ప్రతి నెట్‌వర్కునీ దాని సొంత లెక్కలోనే చూడాలి. కరెంటు గ్రిడ్‌లో పెద్ద కూడలే పడిపోనక్కర్లేదు, ఒక్క లైను చాలు.

మీకందరికీ గుర్తుండే ఉంటుంది. 2012 జూలై 30, తెల్లవారుజామున 2 గంటల 33 నిమిషాలు. బీనా–గ్వాలియర్ 400 కిలోవోల్టుల లైను తెగి గ్రిడ్ నుంచి విడిపోయింది. నిజానికి ఆ లైన్లో లోపమేమీ లేదు. దాని జంట లైను పనుల కోసం ఆపేసి ఉంది, భారమంతా దీని మీద పడింది. కాపలా కాసే రిలే ఆ అధిక భారాన్నే లోపమనుకుని లైన్ని కట్ చేసింది. ఆ భారం మిగతా దారుల మీద పడింది. అవీ ఒకదాని వెనక ఒకటి తప్పుకున్నాయి. ఉత్తరాది మొత్తం చీకటి. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ అదే జరిగి ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కూలాయి. ఆ ప్రాంతాల్లో ఉన్నవాళ్లు సుమారు 60 కోట్లమంది. రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

ఆ రోజు మన దక్షిణాది గ్రిడ్ నిలిచింది. కారణమేమిటి? అప్పటికి దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో నేరుగా కలిసిలేదు. విశాఖపట్నం గాజువాకలో ఉన్నటువంటి కేంద్రాల్లో ఏసీ కరెంటుని డీసీగా మార్చి, మళ్లీ ఏసీగా మార్చి ఇటు పంపేవారు. అందువల్ల అటువైపు పుట్టిన కుదుపు నేరుగా ఇటు దాటలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు లైనుతో దక్షిణాది కూడా కలిసి, దేశమంతా ఒకే గ్రిడ్ అయింది. దానివల్ల లాభాలు చాలా ఉన్నాయి, కాదనను. కానీ కలిసేకొద్దీ జాగ్రత్త పెరగాలి. కలిపే దారి ఎంత ముఖ్యమో, అవసరమైనప్పుడు దెబ్బని ఆపే గుమ్మమూ అంతే ముఖ్యం.

మరి ఈ విద్య ప్రకృతికి ఎలా తెలుసు? హెడ్‌క్వార్టర్స్ లేదు, కమాండర్ లేడు. అయినా కోట్ల ఏళ్లుగా నడుస్తోంది.

చీమల్నే తీసుకోండి. 1989లో బ్రస్సెల్స్‌లో గాస్, డెనెబోర్గ్ బృందం అర్జెంటీనా చీమల పుట్టకీ మేతకీ మధ్య రెండు దారులు పెట్టారు. ఒకటి రెండోదానికి రెట్టింపు పొడవు. చీమ నడిచిన చోటల్లా ఒక వాసన వదులుతుంది. పొట్టి దారిన వెళ్లింది ముందు తిరిగొస్తుంది, ఆ దారిలో వాసన ముందు చిక్కబడుతుంది, వెనకవాళ్లు అటే పోతారు. కాసేపటికి బారంతా పొట్టి దారినే. ఇక్కడే ఒక మెలిక ఉంది. మొదట పొడవు దారి ఒక్కటే ఉంచి, అరగంట తరువాత పొట్టి దారి తెరిస్తే, ఎక్కువ చీమలు పాతదాన్నే పట్టుకుని వేలాడాయి. పాత వాసన అంత బలంగా ఉంది మరి! 1992లో ఇటలీలో మార్కో డోరిగో ఈ చీమల పద్ధతిని కంప్యూటర్ గణనలోకి తెచ్చినప్పుడు, వాసన త్వరగా ఆవిరయ్యే ఏర్పాటు చేశాడు. అంటే మరచిపోవడం కూడా తెలివిలో భాగమే. టెలిఫోన్ కాల్స్‌కీ, లారీల సరుకు రవాణాకీ దారులు వెతకడానికి ఆ పద్ధతిని వాడారు.

ఇంకో వింత జీవి ఉంది, స్లైమ్ మోల్డ్ అంటారు. పచ్చగా జిగటగా ఉంటుంది. ఒకే కణం, మెదడు లేదు. 2010లో జపాన్ పరిశోధకులు టెరో, నకగాకి బృందం, టోక్యో చుట్టుపక్కల ఊళ్లు ఎక్కడున్నాయో అక్కడల్లా మొత్తం 36 ఓట్స్ గింజలు పెట్టి దీన్ని మధ్యలో వదిలారు. ఒక రోజు పైచిలుకులో అది గింజలన్నిటినీ తన నాళాలతో కలిపేసింది. చూస్తే టోక్యో రైల్వే మ్యాపుతో పోల్చదగ్గ వల! ఆహారం ఎక్కువగా ప్రవహించిన నాళం లావయింది, ప్రవహించనిది ఎండిపోయింది. అయినా అన్నిటినీ ఎండబెట్టలేదు. ఒక దారి తెగితే పనికొచ్చేట్టు కొన్ని అడ్డ దారులు ఉంచుకుంది. నేను వెయ్యని లేటరల్ని మెదడు లేని ఆ జీవి వేసుకుంది, చూశారా!

పక్షుల సంగతి కూడా ఒక్క ముక్క. రోము నగరం మీద సాయంత్రాలు మన గోరింకల కుటుంబానికే చెందిన స్టార్లింగులు వేలాదిగా ఒక్క మేఘంలా తిరుగుతాయి. 2008లో ఇటలీ శాస్త్రవేత్తలు ఫొటోలు తీసి లెక్క కడితే, ఒక్కో పక్షి తనకి దగ్గరగా ఉన్న ఆరేడు పక్షుల్నే గమనిస్తుందని తేలింది. వెయ్యిమందిని చూడక్కర్లేదు, ఒక్కరినే నమ్ముకోనూ అక్కర్లేదు. 2021 జనవరి 15న ఆర్మీ డే పెరేడ్‌లో 75 డ్రోన్లు గుంపుగా పనిచేయడం మనవాళ్లు చూపించారు. పక్షుల గుంపుల నుంచి, చీమల నుంచి నేర్చుకున్న పాఠాలే అలాంటి విద్యకి పునాది.

మన సిగ్నల్స్ వాళ్లకి దగ్గరి మాట ఒకటి చెప్పి ఇది ముగిస్తాను. 1964లో అమెరికాలో పాల్ బారన్ అనే ఇంజినీరు, అణుదాడిలో కూడా నిలిచే సమాచార వ్యవస్థ ఎలా ఉండాలో రాశాడు. అన్నీ ఒక కేంద్రానికి కలిపితే ఒక్క దెబ్బతో పోతుంది. అలాగని ప్రతివాడినీ ప్రతివాడితో కలపక్కర్లేదు. ఒక్కో స్థానానికి మూడు నాలుగు దారులుంటే చాలు, సగం పోయినా మిగతావాళ్లలో చాలామంది మాట్లాడుకోగలరని లెక్క చూపించాడు.

ఇప్పుడు మన సంఘం దగ్గరికి వద్దాం. ఇదీ పెరుగుతున్న నెట్‌వర్కే. జామ్‌నగర్ నుంచి తేజ్‌పూర్ దాకా ఎక్కడ పోస్టింగ్ వచ్చినా, తెలుగువాడు దిగగానే ఎవరికి ఫోన్ చేస్తాడు? అందరూ చేసేవారికే చేస్తాడు. అలా మనలో ఒకాయన ముప్ఫై ఏళ్లపాటు మన బెజవాడ జంక్షన్. అందరి నంబర్లూ ఆయన డైరీలోనే. రెండేళ్ల క్రితం ఆయనకి గుండె ఆపరేషన్ జరిగి మూడు నెలలు మంచాన పడ్డారు. ఆ మూడు నెలల్లోనే శ్రీకాకుళం వైపు ఒక ఊళ్లో మన సుబేదార్ ఒకాయన పోయారు. ఆయన భార్యకి తెలిసిన నంబరు అదొక్కటే. ఫ్యామిలీ పెన్షన్‌కి ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో చెప్పేవాళ్లు లేక ఆవిడ మోగని ఫోన్‌కే మళ్లీ మళ్లీ చేసింది. పక్క మండలంలోనే మన సభ్యులు ముగ్గురున్నారు. మూడు కిలోమీటర్ల దూరంలో డాక్టరున్నట్టే!

ఆ సంగతి విన్న రాత్రి నాకు ఎడారి గుర్తొచ్చింది. డైరీ ఉంచిన పెద్దాయనది తప్పు కాదు, ఆయన మనందరి బరువూ మోశారు. లేటరల్ వెయ్యనివాళ్లం మనం.

అందుకని మూడు పనులు అడుగుతున్నాను. ఒకటి, ప్రతి సభ్యుడూ ఇవాళ ఇంటికెళ్లే ముందు ముగ్గురి నంబర్లు రాసుకోవాలి. అందులో ఒకరు వేరే దళంవాళ్లయి ఉండాలి, ఒకరు మీ సొంత జిల్లావాళ్లయి ఉండాలి. ఆ కాగితం మీ జేబులో కాదు, ఇంట్లో ఆవిడ దగ్గర ఉండాలి. ఎందుకో మీకు తెలుసు. రెండు, సభ్యుల రిజిస్టరు వేర్వేరు ఊళ్లలో కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి. మూడు, చీమల వాసనలాగా పాత నంబర్లు ఆవిరైపోవాలి. ఏడాదికోసారి, ఇదే సభ రోజున, ప్రతి నంబరుకీ ఒకసారి ఫోన్ చేసి, పలకని నంబరు కొట్టేసి కొత్తది రాసుకోవాలి.

నాకు కేబుల్ లేదని, కుర్రాళ్లు అలసిపోయారని అప్పట్లో సాకులున్నాయి. ఇవాళ మనకి ఆ సాకు కూడా లేదు. కాగితం, పెన్ను బల్ల మీద పెట్టించాను. ముందు మూడు నంబర్లు, తరువాత భోజనం.

జై హింద్.